జీన్ హెన్రీ ఫాబరు: నిశాచర ప్రాణులను బిడ్డలకు జూపిన యుపాధ్యాయుడు

మన పురాణములలో నిశాచరుడనగా రాక్షసుడు. చీకటిపడిన పిమ్మట సంచరించునది యేదైనను కీడు చేయునదేయని తలంచుట మనకు చిన్ననాటినుండి యలవాటైపోయినది. గుడ్లగూబ యింటిమీద వ్రాలిన నశుభమందురు. గబ్బిలము గదిలో దూరిన గుండెలు బాదుకొందురు. బిడ్డ నిద్రపోనిచో చీకటిలో బూచివాడున్నాడని తల్లియే బెదరించును. ఇట్లు పెరిగిన బాలునకు రాత్రి యనగా వెఱపేగాని, అందొక గొప్ప లోకము గలదనియు, అందు వేలకొలది ప్రాణులు తమతమ పనులు చేసికొని బ్రతుకుచున్నవనియు తోచదు.

ఆ లోకములోనికి దీపము పట్టుకొని ప్రవేశించి, తాను చూచినదానిని తన బిడ్డలకును, పిదప లోకమందలి బాలబాలికల కందఱకును జూపిన బడిపంతులొకడు ఫ్రాన్సు దేశమున నుండెను. ఆయనయే జీన్ హెన్రీ ఫాబరు. ఆయనకు ధనము లేదు, గొప్ప పరిశోధనశాల లేదు, రాజధానిలో నుద్యోగము లేదు. ఆయనకున్నవి రెండు కన్నులు, ఓపిక, ప్రక్కన నిలిచి దీపము పట్టు చిన్నబిడ్డలు. ఈ మాత్రపు సాధనములతో నాయన యెంత కార్యము నెఱవేర్చెనో మన విద్యార్థులు తెలిసికొనదగును.

బాల్యము

ఫాబరు 1823వ సంవత్సరము డిసెంబరు నెలలో దక్షిణ ఫ్రాన్సునందలి సేంట్ లియాన్ అను కొండపల్లెలో జన్మించెను. తల్లిదండ్రులు నిరుపేదలు. ఇంటిలో నింకొక పసిబిడ్డ కలిగినప్పుడు ఇద్దఱిని సాకుట కష్టమై, పెద్దవానిని మలావాల్ అనుచోట సేద్యము చేసికొనుచుండిన తాతయవ్వల యొద్దకు బంపిరి. అచ్చట బడి లేదు, పుస్తకము లేదు. పసులు, గొఱ్ఱెలు, బాతులు, గడ్డిపోచలు, పురుగులు, ఇవియే వాని నేస్తములు.

ఒకనాడు ఆ పసివాడు చేతులు వెనుకకు గట్టుకొని సూర్యునికెదురుగా నిలిచి, ఈ వెలుగును దాను నోటితో ననుభవించుచున్నాడా, కన్నులతో ననుభవించుచున్నాడా యని సందేహించెను. వెంటనే కన్నులు మూసి నోరు తెఱచి చూచెను; వెలుగు మాయమయ్యెను. నోరు మూసి కన్నులు తెఱచెను. వెలుగు మరల వచ్చెను. రెండవమాఱు చేసి చూడగా నట్లే జరిగెను. ఆ రాత్రి యింటిల్లిపాదికి దాను కనుగొన్న సంగతిని జెప్పగా అందఱును నవ్విరి. అవ్వ మాత్రము ముద్దుగా జిఱునవ్వు నవ్వెను. మనకును నవ్వు వచ్చును. కాని యాలోచించి చూడుడు: ఒకరు చెప్పినది నమ్ముటకంటె తానే పరీక్షించి తెలిసికొనవలెనను బుద్ధి యా బాలున కప్పుడే పుట్టినది.

మఱియొకనాడు ప్రొద్దుగ్రుంకిన వేళ యింటిదాపునగల పొదలలోనుండి సన్నని గలగలధ్వని వినవచ్చెను. గూటిలోని పక్షిపిల్లయా? మఱేమి? చీకటిపడిన పిమ్మట అడవినుండి తోడేలు వచ్చునని పెద్దలు చెప్పియుండిరి. ఐనను బాలుడు కొంచెము దూరమే కదాయని పొదచాటున బొంచి కూర్చుండెను. కొమ్మ కదలినంతనే ధ్వని యాగిపోయెను. ఆ రాత్రి యేమియు దొరకలేదు. మఱునాడును వెళ్లెను, ఆ మఱునాడును వెళ్లెను. తుదకు మూడవమాఱు గాయకుడు చేతజిక్కెను. అది పక్షికాదు, ఒక మిడుత! మిడుతలు పాడునని ఎవరును వానికి జెప్పలేదు. తాను స్వయముగా నెఱిగెను. ఆ పొదచాటున గూర్చున్ననాడే ఫాబరు తన జీవితకార్యమున కారంభము చేసెనని చెప్పవచ్చును.

ఏడవయేట వాడు స్వగ్రామమునకు దిరిగివచ్చి బడిలో జేరెను. ఆ బడియు విచిత్రమైనదే. ఒకటే గది, అదియే బడి, అదియే వంటయిల్లు, అదియే పంతులుగారి పడకగది. తలుపు తీసిన కోడిపిల్లలును పందిపిల్లలును లోపలికి జొరబడుచుండెను. పంతులుగారు క్షౌరము చేయుదురు, దేవాలయపు గంటయు మ్రోగింతురు. ఇట్టిచోట బాలునకు అక్షరములు వంటబట్టలేదు. అప్పుడు తండ్రి సంతకు బోయి, ఒక్కొక్క యక్షరమునకు నొక్కొక్క జంతువుబొమ్మ గల చవుక కాగితమొకటి కొనితెచ్చెను. జంతువులను జూచిన సంతోషమున కొద్దిదినములలోనే వాడు చదువ నేర్చెను. బిడ్డకు ప్రియమైన వస్తువును జూపి దానివెంట విద్యను నడిపింపవలెనను సూత్రము నాయన యిట్లు తన యనుభవముననే గ్రహించెను.

ఉపాధ్యాయత్వము

పిదప కష్టములు వచ్చెను. తండ్రి ఊరూరు దిరిగి పూటకూళ్లవంటి వ్యాపారములు పెట్టి నష్టపడెను. కుటుంబము చెదరిపోయెను. బాలుడు నిమ్మకాయలమ్మియు, రైలుదారి పనిలో గూలిచేసియు పొట్టపోసికొనెను. అయినను చదువు మానక, అవిన్యోను పట్టణమునందలి యుపాధ్యాయ శిక్షణ పాఠశాల పరీక్షలో నెగ్గి, విద్యార్థివేతనము సంపాదించెను. 1842వ సంవత్సరమున, పదునెనిమిదేండ్ల ప్రాయమున, కార్పెంత్రా పట్టణమున నుపాధ్యాయుడయ్యెను. జీతము ఏటికి 700 ఫ్రాంకులు. తరగతిగది నేలమాళిగవలె చెమ్మగానుండెను.

ఆయన చెప్పవలసిన పాఠములలో భూమి కొలత యొకటి. గదిలో గూర్చుండి భూమిని గొలుచుట యెట్లు? కావున నాయన బాలురను బయలునకు దీసికొనిపోవుచుండెను. అచ్చట నొక వింత జరిగెను. కొయ్య పాతుటకు బంపిన బాలుడు దారిలో నాగును, వంగును, గడ్డిపోచను నోటబెట్టుకొని యేదియో పీల్చును. ఏమని చూడగా, గులకరాళ్లపై మట్టితో గూడుగట్టు ఒకజాతి తేనెటీగ యచ్చట నుండెను. బాలురు దాని గూడునుండి తేనె త్రాగుచుండిరి. పలువురు పంతుళ్లు బెత్తము దీసియుందురు. ఫాబరు తానును రుచిచూచి, ఆ యీగ యెట్లు బ్రతుకునని యడుగసాగెను. దానిని గుఱించి తెలిసికొనుటకై కీటకశాస్త్ర గ్రంథమొకటి కొనెను. దాని వెల యాయన నెలజీతము! ఇంటిలో దినము గడచుట కష్టమైనను ఆ గ్రంథమును విడువలేకపోయెను.

1849లో నాయన కార్సికా ద్వీపమునందలి అజాక్సియో కళాశాలలో భౌతికశాస్త్రోపాధ్యాయుడుగా జేరెను. అచ్చటికి మొకాఁ తాందాఁ అను పండితుడు వచ్చి, ఒకదినము కుట్టుపని పెట్టెలోని సూదులతో, పళ్లెములోని నీటియందొక నత్తను గోసి దాని యంగములన్నియు జూపెను. తన జన్మములో ప్రకృతిచరిత్రమునందు దనకు గలిగిన మఱపురాని పాఠమిదియేయని ఫాబరు తలంచెను. ఖరీదైన యుపకరణములు లేకున్నను శాస్త్రము నేర్పవచ్చునని యాయనకు నాడు స్థిరపడెను.

చలిజ్వరముచే బాధపడి 1853లో నాయన అవిన్యోనునకు మరలివచ్చెను. అచ్చటనే కందిరీగలను గుఱించి యాయన చేసిన పరిశోధనకు 1856లో ఫ్రెంచి విద్వత్పరిషత్తు బహుమాన మిచ్చెను. ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడైన డార్విను తన గ్రంథమున, పరిశీలనయందు ఫాబరునకు సాటిలేదని మెచ్చుకొనెను. ఫాబరు మాత్రము డార్విను పరిణామసిద్ధాంతమును దుదివఱకు నంగీకరింపలేదు. ఈ విషయమున పిదపటి శాస్త్రజ్ఞులు డార్వినునే సమర్థించిరి. పురుగుల సహజజ్ఞానము మాఱనే మాఱదని ఫాబరు చెప్పినదానిని గూడ సవరించిరి. అభిప్రాయభేదమున్నను ఆ యిద్దఱును ఉత్తరములు వ్రాసికొనుచు, ఒకరినొకరు గౌరవించుకొనిరి. డార్విను సూచించిన కొన్ని ప్రయోగములను ఫాబరు చేసియుండెను. విద్వాంసుల వాదము లెట్లుండవలెనో దీనివలన దెలియును.

1865లో మహాశాస్త్రజ్ఞుడగు పాస్టరు పట్టుపురుగుల తెగులును మాన్పుటకై యా ప్రాంతమునకు వచ్చి ఫాబరును జూచెను. పట్టుకాయను జెవియొద్ద నూపి, లోపల నేదియో యున్నదేయని యాశ్చర్యపడెను! పట్టుపురుగే తెలియనివాడు పట్టుపురుగుల రోగము నెట్లు కుదుర్చునని యితరులైన నవ్వియుందురు. కాని పాస్టరు రోగకారణమును గనిపెట్టి యా పరిశ్రమను రక్షించెను. తెలియకపోవుట సిగ్గుకాదు, పుస్తకమును నమ్ముకొనక వస్తువునే యడుగుట మేలని ఫాబరు దీనినుండి నేర్చుకొనెను.

కష్టకాలము

జీతము చాలక, ఎఱ్ఱరంగు నిచ్చు మంజిష్ఠజాతి వేరునుండి శుద్ధమైన రంగు దీయు మార్గమును ఫాబరు చిరకాలము వెదకి సాధించెను. ఆ ఫలము చేతికందునంతలో రసాయనశాస్త్రజ్ఞులు 1869లో నదే రంగును గృత్రిమముగా జేయుటచే నాయన శ్రమ వ్యర్థమయ్యెను. అంతకుమున్నే విద్యామంత్రి యగు విక్టర్ ద్యూర్వీ యాయన పనిగదికి వచ్చి, రంగుతో నెఱ్ఱనైన చేతులను జూచి మెచ్చి, 1868లో బారిసునకు బిలిపించి లీజియన్ ఆఫ్ ఆనర్ అను గౌరవచిహ్న మిప్పించెను.

ఆ మంత్రి ప్రోత్సాహముననే ఫాబరు అవిన్యోనున సాయంకాలపు తరగతులు పెట్టి, ఎల్లవారికిని శాస్త్రము బోధింపసాగెను. అందు బాలికలును జేరిరి. పువ్వు కాయయగుట యెట్లో యాయన దాచక చెప్పెను. బాలికలకు శాస్త్రమేల యనియు, ఇట్టి సంగతులు చెప్పుట తగదనియు పట్టణమున గొందఱు గగ్గోలు చేసిరి. అద్దెయింటివారు ఇల్లు ఖాళీ చేయుమనిరి. 1870లో నాయన యుద్యోగమును విడిచి, భార్యాబిడ్డలతో వీథిని బడవలసినవాడయ్యెను. ఆంగ్ల తత్త్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్లు మూడువేల ఫ్రాంకులు, పత్రమైనను గోరక, అప్పిచ్చి యాదుకొనెను. ఫాబరు ఆరాంజి పట్టణమునకు బోయి, రాత్రింబవళ్లు బాలుర పాఠ్యపుస్తకములు వ్రాసి, ఆ వచ్చుబడితో బ్రతికి, అప్పునంతయు దీర్చెను.

1877లో బిడ్డలలోనెల్ల దనవలెనే పురుగులయందు బ్రేమగల జ్యూల్స్ అను కుమారుడు పదునాఱేండ్లకే మరణించెను. ఆ దుఃఖము ఫాబరును గ్రుంగదీసెను. తాను క్రొత్తగా గనుగొన్న కందిరీగలకు నా బాలుని పేరిడి, ఆ పేరును శాస్త్రమున నిలిపెను.

నెమలికన్ను శలభముల రాత్రి

1879లో ఫాబరు చిరకాలపు కోరిక నెఱవేరెను. సెరీన్యాఁ అను గ్రామమున, రాళ్లును ముండ్లును దప్ప నేమియు మొలవని యించుమించు రెండున్నర యెకరముల బీడు నాయన కొనెను. సేద్యమునకు బనికిరాని యా నేల పురుగులకు స్వర్గము. దానికి హర్మాస్ అని పేరు. ఆ యేడే యాయన కీటకస్మృతుల మొదటి సంపుటము వెలువడెను. పదియవది 1907లో వెలువడెను. మొదటి భార్య మృతినొందిన పిమ్మట నాయన మరల వివాహమాడెను. ముదిమియందు మువ్వురు బిడ్డలు గలిగిరి. వారిలో పెద్దవాడు పాల్ అను బాలుడు తండ్రికి కుడిచేయి వంటివాడయ్యెను. ముసలివాని కనులకు గానరానిది పసివాని కనులకు గానవచ్చుచుండెను.

ఒక మే నెల 6వ తేదీ యుదయమున, పనిగదిలోని బల్లమీద నుంచిన పట్టుకాయనుండి నెమలికన్ను శలభమను పెద్ద యాడురెక్కలపురుగు వెలువడెను. ఐరోపాఖండమున నింతకంటె బెద్ద శలభము లేదు; రెక్కలు విప్పిన జానెడుండును, ఒక్కొక్క రెక్కపై నెమలిపింఛమునందువలె గన్నుగుర్తుండును. ఫాబరు ప్రత్యేకోద్దేశ మేమియు లేకయే దానిని సన్నని తీగెల జల్లెడమూతక్రింద నుంచెను.

రాత్రి తొమ్మిదిగంటల వేళ ఇంటివారు పండుకొనబోవుచుండగా ప్రక్కగదిలో గొప్ప యలజడి పుట్టెను. చిన్నపాల్ సగము బట్టలు విప్పుకొని, ఎగురుచు, కుర్చీలు పడద్రోయుచు, పిట్టలంతేసి శలభములు గదినిండ వచ్చినవని తండ్రిని కేకవేయుచుండెను. తండ్రి పోయి చూచి, బాలుని వెంటబెట్టుకొని దీపముతో క్రిందికి దిగెను. వంటయింటిలో బనికత్తె గబ్బిలములనుకొని కొంగుతో తోలుచుండెను! పనిగది కిటికీ తెఱచియుండెను. లోపల పెద్దపెద్ద శలభములు జల్లెడమూతను జుట్టి, కప్పునకెగిరి, మరల దిగి, రెక్కలగాలికి దీపము నార్పి, వారి భుజములపై వ్రాలెను. బాలుడు తండ్రిచేతిని గట్టిగా బట్టుకొనెను. ఇంటిలోనికి వచ్చినవి మొత్తము నలువది. అన్నియు మగవే. ఉదయమున బుట్టిన యా యొక్క యాడుదానికొఱకే వచ్చినవి.

ఇక బ్రశ్న: వానికెవరు చెప్పిరి? ఆ రాత్రి మబ్బుపట్టి కటికచీకటిగా నుండెను. ఇంటిచుట్టును పెద్దచెట్లును బొదలును గ్రమ్మియుండెను. ఆ శలభము లా ప్రాంతమున నరుదు. వాని గొంగళిపురుగులు బ్రతుకు ముసలి బాదముచెట్లు కొద్దియే. కావున నవి దూరమునుండి వచ్చియుండవలెను. ఎనిమిది రాత్రులలో మొత్తము నూటయేబది వచ్చెను. కన్నులతో జూచి వచ్చెనా? చెవులతో వినియా? వాసనబట్టియా?

ఫాబరు పరీక్షలు మొదలుపెట్టెను. ప్రతిరాత్రియు జల్లెడమూతను వేఱువేఱుచోట్ల దాచెను. అవి వెదకికొని వచ్చెను. నాఫ్తలీను ఘాటువాసన గదినిండ నింపెను, అయినను వచ్చెను. ఆడుదానిని గాలి చొరని పెట్టెలో మూసెను, ఒక్కటియు రాలేదు. మూత కొంచెము సందు విడిచెను, మరల వచ్చెను. ఈ శలభమునకు నోరు సరిగా నేర్పడదు. అది యేమియు దినక కొలదిదినములే బ్రతుకును. కావున నొక ప్రయోగము తప్పిన మఱు సంవత్సరమువఱకు వేచియుండవలెను. గొంగళిపురుగుల సేకరణమున నాయనకు దోడ్పడినవారెవరు? ఇరుగుపొరుగు పిల్లలే. బడిలేని గురువారములందు వారు పొలములు దిరిగి, చేత ముట్టుటకు భయపడి కఱ్ఱకొనకు బట్టించి పురుగును దెచ్చి, కాసు పుచ్చుకొని పోవుచుండిరి. వ్యాకరణపాఠమునుండి తప్పించుకొన్న యా పసివారు తెలియకయే శాస్త్రమునకు సేవచేసిరి.

పగలు తిరుగు వేఱొకజాతి శలభముతో నాయన చేసిన పరీక్షయే సందేహమును దీర్చెను. ఆడుదానిని రాత్రి యిసుకపళ్లెముపై జల్లెడమూతక్రింద నుంచెను. పగలు దానిని దీసి, కిటికీయొద్ద నందఱికి గానవచ్చునట్లు గాజుమూతలో బెట్టెను. ఖాళీ జల్లెడను బళ్లెముతో గూడ నొక మూలకు ద్రోసెను. మగశలభములు వచ్చి, గాజులోని నిజమైన యాడుదానిని లెక్కచేయక, మూలనున్న యుత్తజల్లెడ చుట్టును మూగెను! అవి చూచి వచ్చుట లేదు. అది విడిచిన, మనకు దెలియని యేదో పరిమళముచే వచ్చుచున్నవి. మనుష్యుని ముక్కునకు జాడయైన దెలియని యా వాసన యంతదూర మెట్లు ప్రాకునోయని ఫాబరు దుదివఱకు నాశ్చర్యపడుచునే యుండెను.

ఆయన ప్రశ్నకు సమాధానము 1959లో వచ్చెను. జర్మనీ దేశపు రసాయనశాస్త్రజ్ఞుడు బుటెనాంట్ అయిదులక్షల యాడు పట్టుశలభములనుండి మగవానిని బిలుచు నా పదార్థమును వేఱుచేసి, దానికి బాంబికోల్ అని పేరిడెను. మన తెలంగాణమునందు మహాదేవపురము ప్రాంతపు టడవులలో బెరుగు దసలిపట్టు పురుగు ఫాబరు చూచిన నెమలికన్ను శలభమునకు జ్ఞాతియే. దాని మగశలభమును రాత్రివేళ నిట్టి వాసనబట్టియే యాడుదానిని వెదకికొనును.

మిణుగురులును తేళ్లును

మిణుగురును మన మందఱము చూచియున్నాము. కాని దానిని బ్రశ్నించినవా రెందఱు? ఫాబరు చూచిన మిణుగురులలో నాడుదానికి రెక్కలుండవు. ముద్దుగా వెలుగు నీ పురుగు నత్తలను దినునది! మొదట నత్తను మెల్లగా గొఱికి మత్తెక్కించి, పిమ్మట దాని మాంసమును ద్రవముగా జేసి త్రాగును. దాని దీపము గాలిమీద నాధారపడునని ఫాబరు యుక్తిగా నిరూపించెను. వెలుగు పొరను గాలిగల నీటిలో నుంచిన నది వెలుగుచుండెను. కాచి గాలిపోగొట్టిన నీటిలో నుంచిన నాఱిపోయెను. ప్రక్కన తుపాకి పేల్చినను దాని వెలుగు చలింపలేదు. అచ్చుపుటపై నా పురుగును నడిపించిన నొక్కొక్క యక్షరమును జదువవచ్చును, అంతకుమించి వెలుగదు. దాని గ్రుడ్లును వెలుగునని యాయన చూచెను.

ఇక తేలు. దానికై ఫాబరు గాజుపలకల గూడొకటి కట్టించెను. వసంతకాలపు రాత్రులలో భోజనమైన తోడనే ఇంటిల్లిపాదియు లాంతరుతో దానిచుట్టును జేరుచుండిరి. టామ్ అను కుక్కయు వచ్చుచుండెను. మగతేలు ఆడుతేలి డెక్కలను దన డెక్కలతో బట్టుకొని, వధూవరులవలె నెదురెదురుగా, మెల్లగా, గంటలకొలది నడచుట వారు చూచిరి. తుదకు పెక్కుమాఱులు ఆడుది మగవానిని దినివేయుటయు జూచిరి. పుట్టిన పిల్లలను దల్లితేలు వీపుపై మోయుటయు జూచిరి. నిప్పుల నడుమ జిక్కిన తేలు తన్ను దానే కుట్టుకొని చచ్చునని లోకులందురు. ఫాబరు పరీక్షించెను. తేలు తల్లడిల్లి కదలక పడెను. చచ్చినదనియే యెల్లవారును దలంతురు. ఆయన దానిని దీసి చల్లని యిసుకపై నుంచగా, కొంతసేపటికి లేచి నడచిపోయెను! తరతరములుగా జెప్పుకొనుచున్న కథ యొక గుప్పెడు చల్లని యిసుకతో వీగిపోయెను.

తుదిదినములు

ఇంత చేసినను ముదిమియందు లేమి యాయనను విడువలేదు. ఆయన స్థితిని దెలిసికొని మిత్రులు 1910లో సెరీన్యాఁలో గొప్ప యుత్సవము జరిపిరి. లోకమప్పుడు మేలుకొనెను. 1913లో ఫ్రాన్సు దేశాధ్యక్షుడు పాయింకరే స్వయముగా వచ్చి యాయనను దర్శించెను. 1915వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీని, తొంబదియొక యేండ్ల వయస్సున, ఫాబరు హర్మాస్‌లోనే కన్నుమూసెను. ఆ యిల్లును దోటయు నిప్పుడు ఫ్రెంచి జాతీయ ప్రకృతిచరిత్ర మ్యూజియమువారి యధీనమున నున్నవి. ఆయన పనిగది యట్లే రక్షింపబడియున్నది.

బాలబాలికలారా! ఫాబరు చరిత్రమును జదివి పుస్తకము మూసినచో మన చదువు సగమే యగును. సెలవులలో నొకరాత్రి, తల్లిదండ్రుల సెలవుపొంది, పెరటిగోడపై తెల్లనిగుడ్డ యొకటి కట్టి, దాని ముందొక దీపముంచి గూర్చుండుడు. ఏ గంట కేది వచ్చెనో, వెన్నెలనాడు ఎన్ని వచ్చెనో, చీకటినాడు ఎన్ని వచ్చెనో, ఒక నోటుపుస్తకమున వ్రాసికొనుడు. పొదలో గీచురాయి యరచినచో, చిన్నఫాబరు వలె మూడురాత్రులైనను బొంచియుండి యెక్కడనుండి యరచుచున్నదో కనిపెట్టుడు. ఆముదపుటాకుపై గొంగళిపురుగు దొరకినయెడల వెడల్పుమూతి సీసాలో నుంచి, మూతికి పలుచని గుడ్డకట్టి, దినదినము నదే యాకు వేసి, అది యేమగునో కాచియుండుడు. చూచుట యైనపిమ్మట ప్రాణిని హింసింపక విడిచిపెట్టుడు. పాము, తేలు మొదలగువానిని దూరమునుండియే చూడుడు. చీకటిలో చెప్పులును లాంతరును బెద్దవారి తోడును లేక నడువకుడు.

తల్లిదండ్రుల కొక విన్నపము. ఆ రాత్రి పాల్ కేకవేసినప్పుడు తండ్రి కసరి, పండుకొమ్మని యుండినచో, ఆ నలువది శలభములు వచ్చి వచ్చినట్లే మరలిపోయెడివి; లోకమున కా జ్ఞానము కొంతకాలమైనను దక్కకపోయెడిది. మీ బిడ్డ చీకటిలో నేదియో చూచి పరుగెత్తుకొని వచ్చి పిలిచినప్పుడు, బూచియని బెదరింపక, దీపము దీసికొని వెంట వెళ్లుడు. గుడ్లగూబ మన గాదెలను దోచు నెలుకలను దిని రైతును గాపాడుచున్నదనియు, చిన్నగబ్బిలము రాత్రియంతయు దోమలను బురుగులను బట్టుచున్నదనియు మీ బిడ్డయే మీకు జెప్పగల దినము వచ్చును. అప్పుడు నిశాచరులు రాక్షసులు కాక, మనకు ఇరుగుపొరుగువారగుదురు.